గుణకారం కన్నా అంకెల రవాణాకే ఖర్చు ఎక్కువ

పది మంది చేసే పనికి ఇరవై మందిని పెడితే సగం సమయంలో పూర్తవుతుందని అనుకుంటాం. కంప్యూటర్ల విషయంలో ఈ లెక్క అన్నిసార్లూ నిలవదు. ఎందుకో తెలియాలంటే మాత్రికల గుణకారాన్ని చూడాలి.

సంఖ్యలను అడ్డు వరుసలు, నిలువు వరుసలుగా పేర్చిన పట్టికే మాత్రిక. ఇంజనీరింగ్ లెక్కల నుంచి కృత్రిమ మేధ వరకు ఎన్నో పనులకు మాత్రికల గుణకారమే ఆధారం. 10,000 అడ్డు వరుసలు, 10,000 నిలువు వరుసలు గల రెండు మాత్రికలను మామూలు పద్ధతిలో గుణించాలంటే లక్ష కోట్ల గుణకారాలు చేయాలి. అందుకే ఈ పనిని అనేక కంప్యూటర్లకు పంచుతారు.

16 కంప్యూటర్లను నాలుగు వరుసల్లో నాలుగేసి చొప్పున అమర్చామనుకుందాం. ప్రతి మాత్రికనూ 16 ముక్కలు చేసి, ఒక్కో కంప్యూటరుకు రెండింటి నుంచీ ఒక్కో ముక్క ఇస్తాం. చిక్కు ఇక్కడే వస్తుంది. జవాబులో తన భాగాన్ని తేల్చడానికి ప్రతి కంప్యూటరుకూ తన అడ్డు వరుసలోని మొదటి మాత్రిక ముక్కలు నాలుగూ, తన నిలువు వరుసలోని రెండో మాత్రిక ముక్కలు నాలుగూ కావాలి. అన్నీ ఒకేసారి తెప్పించుకుంటే వాటిని దాచడానికే నాలుగింతల మెమొరీ పడుతుంది.

దీనికి 1969లో అమెరికాలోని మోంటానా స్టేట్ యూనివర్సిటీకి సమర్పించిన పరిశోధన గ్రంథంలో లిన్ ఇలియట్ కానన్ చక్కని మార్గం చూపారు. ముందుగా మొదటి మాత్రికలో రెండో అడ్డు వరుసను ఒక గడి, మూడోదాన్ని రెండు గళ్లు, నాలుగోదాన్ని మూడు గళ్లు ఎడమకు జరపాలి. రెండో మాత్రికలోని నిలువు వరుసలను ఇలాగే పైకి జరపాలి. దీంతో గుణించదగిన జతలు ఒకేచోట చేరతాయి. ఆపైన ప్రతి కంప్యూటరూ తన దగ్గరున్న జతను గుణించి, ఫలితాన్ని పాత మొత్తానికి కలుపుతుంది. తర్వాత మొదటి ముక్కను ఎడమ పక్కదానికి, రెండోదాన్ని పైదానికి అందిస్తుంది. అంచున ఉన్నవి అవతలి కొసకు పంపుతాయి. నాలుగు విడతల్లో జవాబు సిద్ధమవుతుంది. ఇల్లు కట్టేచోట కూలీలు వరుసగా నిలబడి ఇటుకలు అందించుకున్నట్టే ఇది. ఎవరి దగ్గరా కుప్ప పడదు.

అయినా ఒక పరిమితి ఉంది. కంప్యూటర్లను 16 నుంచి 64కు పెంచితే ఒక్కోదానిపై గుణకారం పని నాలుగో వంతుకు తగ్గుతుంది. అది పంపాల్సిన సమాచారం మాత్రం సగానికే తగ్గుతుంది. అలా పెంచుకుంటూ పోతే, ఒక దశలో ప్రాసెసర్లు లెక్క చేయడం కన్నా అంకెల కోసం ఎదురుచూడటంలోనే ఎక్కువ సమయం గడుపుతాయి. మెమొరీ మిగిలి ఉంటే ముక్కలకు అదనపు నకళ్లు ఉంచుకుని ఈ రవాణాను తగ్గించవచ్చని 2011లో ఎడ్గర్ సోలోమోనిక్, జేమ్స్ డెమ్మెల్ చూపారు.

1991లో పుణెలోని సీ-డాక్ రూపొందించిన పరమ్ 8000 కూడా, వేర్వేరు మెమొరీలున్న ప్రాసెసర్లు సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటూ పనిచేసే యంత్రమే. కాబట్టి కొత్త సూపర్ కంప్యూటరు గురించి విన్నప్పుడు అది సెకనుకు ఎన్ని లెక్కలు చేస్తుందో తెలుసుకుంటే చాలదు. అంకెలను ఎంత వేగంగా చేరవేస్తుందో కూడా అడగాలి.