ఫైర్ ఎంబ్లెమ్ అవేకెనింగ్

ఫైర్ ఎంబ్లెమ్ అవేకెనింగ్ జపాను దేశానికి చెందిన ఇంటెలిజెంట్ సిస్టమ్స్ సంస్థ రూపొందించగా నింటెండో సంస్థ ప్రచురించిన వీడియో గేమ్. ఇది నింటెండో 3డీఎస్ అనే చేతిలో పట్టుకొని ఆడే యంత్రం కొరకు తయారైనది. 2012 ఏప్రిల్ 19న జపానులోను, 2013 ఫిబ్రవరి 4న ఉత్తర అమెరికాలోను, అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఐరోపాలోను విడుదలైనది. వంతులవారీగా ఎత్తులు వేస్తూ ఆడే యుద్ధవ్యూహ క్రీడ, పాత్రలను క్రమంగా వృద్ధి చేసుకుంటూ సాగే కాల్పనిక కథ ఇందులో కలిసి ఉంటాయి. 1990లో మొదలైన ఫైర్ ఎంబ్లెమ్ వరుసకు ఇదే చివరి ఆట కావచ్చునని రూపకర్తలు భావించిన సమయంలో ఇది వెలువడింది. యుద్ధంలో మరణించిన యోధుడు తిరిగి రావచ్చునా, రాకూడదా అనే ప్రశ్నపై క్రీడాకారులలో విస్తృతమైన చర్చకు ఈ ఆట కారణమైనది.

నేపథ్యం

ఈ వరుసలోని మొదటి ఆట 1990 ఏప్రిల్ 20న జపానులో ఫామికామ్ యంత్రంపై విడుదలైనది. దాని రూపశిల్పి షోజో కాగా. యుద్ధక్రీడలలో సైనికులు సాధారణంగా పేరులేని పావులు. ఒకటి పోతే మరొకటి తెచ్చుకోవచ్చును. కాగా ప్రతి పావుకు ఒక పేరు, ముఖం, స్వభావం కల్పించాడు. యుద్ధంలో పడిపోయినవారు మిగిలిన కథలో మరల కనిపించరనే నియమం పెట్టాడు. మొదట అమ్మకాలు మందకొడిగా సాగినా, కొన్ని నెలల తరువాత ఫామిట్సు పత్రికలో వచ్చిన అనుకూలమైన వ్యాసం వలన ఆటకు ఆదరణ పెరిగింది.

ఈ ఆటలు చాలాకాలం జపానుకే పరిమితమై ఉండేవి. 2001లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ అనే పోరాట క్రీడలో ఈ వరుసకు చెందిన మార్త్, రాయ్ అనే వీరులు కనిపించడంతో ఇతర దేశాలవారికి ఆసక్తి కలిగింది. 2003లో ఈ వరుసలోని ఒక ఆట మొదటిసారిగా ఉత్తర అమెరికాలో విడుదలైనది. అయితే తరువాతి సంవత్సరాలలో అమ్మకాలు తగ్గుతూ వచ్చాయి. కొత్త ఆట 2,50,000 ప్రతులైనా అమ్ముడుపోనట్లయితే ఈ వరుసను నిలిపివేయవలసి వస్తుందని నింటెండో తెలియజేసినట్లు నిర్మాత హితోషి యమగామి 2013లో ఒక స్పెయిన్ పత్రికకు వెల్లడించాడు. ఆరంభంలో కథను అంగారక గ్రహంపై నడిపించాలనే ఆలోచన కూడా జరిగింది. చివరకు పాత ఆటలలోని మంచి అంశాలను ఒకచోట చేర్చాలని నిశ్చయించారు.

కథాంశం

ఇలిస్ అనే రాజ్యానికి యువరాజైన క్రోమ్ పొలంలో స్పృహతప్పి పడి ఉన్న ఒక వ్యక్తిని చూస్తాడు. ఆ వ్యక్తికి గతం గుర్తుండదు గాని యుద్ధవ్యూహాలు బాగా తెలుసు. ఈ వ్యూహకర్తే క్రీడాకారుని పాత్ర. పేరును, రూపాన్ని క్రీడాకారుడే నిర్ణయించుకోవచ్చును. ప్లెజియా రాజ్యంతో యుద్ధం, సముద్రం ఆవలి వాల్మ్ సామ్రాజ్యంతో యుద్ధం, గ్రీమా అనే మహాసర్పాన్ని నిలువరించే ప్రయత్నం అనే మూడు ఘట్టాలుగా కథ సాగుతుంది. గ్రీమా వలన నాశనమైన భవిష్యత్తు నుండి క్రోమ్ కుమార్తె లూసినా కాలంలో వెనుకకు ప్రయాణించి వచ్చి, ఆ వినాశనాన్ని ఆపాలని ప్రయత్నించడం ఇందులో ముఖ్యమైన మలుపు.

ఆడే విధానం

యుద్ధభూమి చదరంగపు బల్లవలె గడులుగా విభజింపబడి ఉంటుంది. ఒక వంతులో క్రీడాకారుడు తన యోధులందరినీ కదుపుతాడు. తరువాత శత్రుపక్షం అంతా కదులుతుంది. కత్తి గొడ్డలిపై, గొడ్డలి ఈటెపై, ఈటె కత్తిపై ఆధిక్యం కలిగి ఉంటాయి. 1996 నాటి ఆటలో ప్రవేశపెట్టిన ఈ ఆయుధ త్రికోణం వలన ఎవరిని ఎవరికి ఎదురుగా నిలపాలనేది ముఖ్యమవుతుంది.

ఇద్దరు యోధులను ఒకే గడిలో జంటగా నిలిపే సౌకర్యం ఈ ఆటతో వచ్చింది. వెనుకనున్నవాడు ముందున్నవానికి బలం చేకూరుస్తాడు. ఒక్కొక్కసారి తానుకూడా దెబ్బ కొడతాడు, లేదా శత్రువు దెబ్బను అడ్డుకుంటాడు. కలిసి పోరాడిన కొద్దీ వారి మధ్య స్నేహం పెరిగి సంభాషణలు జరుగుతాయి. కొన్ని జంటలు వివాహం చేసుకొంటాయి. వారి సంతానం భవిష్యత్తు నుండి వచ్చి సైన్యంలో చేరి, తల్లిదండ్రుల నైపుణ్యాలను వారసత్వంగా పొందుతుంది.

దెబ్బ తగిలే అవకాశం

దాడికి ముందు దెబ్బ తగిలే అవకాశం ఎంత శాతమో తెరపై కనిపిస్తుంది. కాని ఆ అంకె యథాతథంగా వర్తించదు. యంత్రం 0 నుండి 99 వరకు గల సంఖ్యలలో రెండింటిని యాదృచ్ఛికంగా ఎన్నుకొని, వాటి సగటు తెరపై ఉన్న అంకెకంటె తక్కువైతే దెబ్బ తగిలినట్లు లెక్కిస్తుంది. రెండు పాచికలు వేసినపుడు మొత్తం 7 తరచుగాను, 2 లేక 12 అరుదుగాను పడినట్లే, ఇక్కడ కూడా సగటు మధ్య సంఖ్యల వైపు మొగ్గుతుంది. అందువలన తెరపై 90 శాతం ఉన్న దెబ్బ నిజానికి నూటికి 98 సార్లు తగులుతుంది; 20 శాతం ఉన్నది 8 సార్లు మాత్రమే తగులుతుంది.

ఈ పద్ధతి ఈ వరుసలో 2002 నాటి ఆటతో మొదలైనది. 90 శాతం అంటే దాదాపు తప్పనిదని మనస్సు భావిస్తుంది. పదింటిలో ఒకసారి గురి తప్పినా అన్యాయం జరిగినట్లు తోస్తుంది. ఒక్క గురి తప్పినందుకు ఒక పాత్రను శాశ్వతంగా కోల్పోయే ఆటలో ఆ భావన మరింత తీవ్రంగా ఉంటుంది.

మరణ నియమం

చదరంగంలో పోయిన పావు మరుసటి ఆటలో తిరిగి బల్లపైకి వస్తుంది. ఫైర్ ఎంబ్లెమ్‌లో ఒక అధ్యాయంలో పోయిన యోధుడు తరువాతి అధ్యాయాలలో ఉండడు. అతని సంభాషణలు, వివాహం, సంతానం కూడా ఉండవు. ఈ నియమమే ఆటకు బరువు నిచ్చినదని దీర్ఘకాలపు అభిమానుల భావన. ఆచరణలో మాత్రం, చాలామంది క్రీడాకారులు ఒక్క యోధుడు పడిపోయినా యంత్రాన్ని ఆపి అధ్యాయాన్ని మొదటినుండి ఆడేవారు. గంటసేపు ఆడినది వృథా కావడం కొత్తవారిని ఆటకు దూరం చేసేది.

2010లో జపానులో విడుదలైన ఆటలో దీనికి ప్రత్యామ్నాయంగా క్యాజువల్ పద్ధతిని ప్రవేశపెట్టారు. ఇందులో పడిపోయినవారు యుద్ధం ముగిశాక తిరిగి వస్తారు. అవేకెనింగ్ ద్వారా ఈ పద్ధతి ఇతర దేశాలవారికి మొదటిసారి పరిచయమైనది. పాత నియమం కోరేవారికి క్లాసిక్ పద్ధతి కూడా ఉన్నది. రెండింటిలోను క్రోమ్ గాని వ్యూహకర్త గాని పడిపోతే ఓటమే.

క్రీడాకారుల అభిప్రాయాలు

జపానులో మొదటి వారంలోనే 2,40,000 కు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. విమర్శకుల సమీక్షలను క్రోడీకరించే మెటాక్రిటిక్‌లో ఆటకు 100కి 92 మార్కులు లభించాయి. పాత్రల మధ్య సంభాషణలు, సంగీతం, లూసినా పాత్ర విశేషంగా ఆకట్టుకున్నాయి. క్యాజువల్ పద్ధతి వలన ఈ తరహా ఆటలను మొదటిసారి ఆడగలిగామని అనేకులు సంతోషించారు. పోయినవారు తిరిగి వస్తారని తెలిసినపుడు జాగ్రత్త లోపిస్తుందని, యోధులను ఎరలుగా వాడే అలవాటు ఏర్పడుతుందని కొందరు పాత అభిమానులు ఆక్షేపించారు. ఎవరి పద్ధతి వారు ఎంచుకోవచ్చును గనుక ఒకరి సౌకర్యం మరొకరికి నష్టం కాదని ఇంకొందరు సమాధానమిచ్చారు.

ఇతర విమర్శలు ఆట నిర్మాణానికి సంబంధించినవి. జంటగా నిలిపే సౌకర్యం మితిమీరిన బలాన్ని ఇచ్చి వ్యూహాన్ని పలుచన చేసిందని, కఠిన స్థాయిలలో శత్రువుల అదనపు బలగాలు వచ్చిన వంతులోనే దాడిచేయడం అన్యాయమని, చాలా యుద్ధాలలో శత్రువులను లేదా వారి నాయకుని ఓడించడమే లక్ష్యంగా ఉండి వైవిధ్యం కొరవడిందని పలువురు పేర్కొన్నారు. త్రిపరిమాణ చిత్రాలలో పాత్రలకు పాదాలు లేకపోవడం హాస్యానికి కూడా గురియైనది.

తరువాతి ప్రభావం

ఆట విజయంతో వరుస కొనసాగింది. 2015 నాటి ఫేట్స్‌లో, పడిపోయినవారు మరుసటి వంతులోనే లేచే ఫీనిక్స్ పద్ధతి చేర్చబడింది. 2017 నాటి ఎకోస్ ఆటలోను, 2019 నాటి త్రీ హౌసెస్‌లోను మధ్యేమార్గం కనిపిస్తుంది. వాటిలో మరణ నియమాన్ని ఉంచుతూనే, పరిమితమైన సార్లు వేసిన ఎత్తులను వెనుకకు తీసుకునే అవకాశం ఇచ్చారు. దీనివలన అధ్యాయమంతా మరల ఆడవలసిన అవసరం తగ్గింది.

లూసినా, రాబిన్ అనే ఆంగ్ల నామం గల వ్యూహకర్త, 2014లో సూపర్ స్మాష్ బ్రదర్స్ ఆటలో చేరారు. 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోళ్ళు 2023 మార్చిలో నిలిచిపోయాయి. అప్పటినుండి అవేకెనింగ్‌ను కొత్తగా ఆడదలచినవారు పాత కార్డు ప్రతులపై ఆధారపడవలసి వచ్చింది.