వంగిన లోకప్పు – చేజెర్ల సాక్ష్యము

గుమ్మటమను మాట పారసీక ‘గుంబద్’ శబ్దమునుండి వచ్చినది. మాట పరదేశమునుండి వచ్చినది గావున వస్తువు కూడ అచ్చటినుండియే వచ్చినదని విద్యార్థులు మాత్రమే గాక అధ్యాపకులును వ్రాయుచుండుట చూచుచున్నాము. ఈ అనుమానము నిలువదనుటకు ప్రత్తి, మిరప చేల నడుమనున్న పల్నాటి గ్రామమొకటి చాలును.

పూర్వపు గుంటూరు జిల్లాలో నుండి, 2022లో పల్నాడు జిల్లాలో చేరిన నకరికల్లు మండలమందలి చేజెర్లలో కపోతేశ్వరాలయము కలదు. గర్భాలయము వెనుకవైపు అర్ధవర్తులముగా ముగియును. పైకప్పు ఏనుగు వీపువలె వంగియుండును. శిల్పశాస్త్రములు దీనిని గజపృష్ఠమందురు. ఇది మొదట బౌద్ధచైత్యమై యుండునని పెక్కురు పండితుల అభిప్రాయము. ఆనందగోత్రజుడైన కందరరాజును పేర్కొను శాసనమిచ్చట లభించినది. స్థలపురాణము శిబిచక్రవర్తి పావురపు కథను చెప్పును. ‘కపోత’ శబ్దమునకు వాస్తుశాస్త్రమున వంగిన చూరు అనియు అర్థము కలదు. పేరునకు దీనితో సంబంధము కలదని నేననను గాని, పదము వినగానే స్ఫురించును.

ఇచ్చట విచారింపవలసినది లోపలి పనితనము. ఇటుక వరుసలు ఒకదానిపై నొకటి కొంచెము కొంచెముగా లోనికి చొచ్చుకొనివచ్చి నడుమ కలిసికొనును. ప్రతి ఇటుకయు సమతలముగానే పరుండును. ఇటుక సగమునకు మించి ముందుకు చాచినచో తలక్రిందులగును. కావున దాని తోకపై మరియొక బరువు నిలువవలెను. అందుచే గోడలు మందము, గది ఇరుకు. సుల్తానుల కాలమున విరివిగా వ్యాపించిన కమాను పద్ధతి వేరు: అందు రాళ్లు కేంద్రమువైపు వాలి, పరస్పరము ఒత్తుకొని, గోడలను వెలుపలికి నెట్టును. వెడల్పైన మందిరములకు అది అనుకూలించినది. వచ్చినది ఈ పద్ధతి, వంపు కాదు.

వంపునకు అంతకంటె ప్రాచీనమైన రూపము, నేటి ఏలూరు జిల్లాలోని గుంటుపల్లి గుహాచైత్యమున కలదు. క్రీస్తుకు పూర్వము తొలిచిన ఆ గుండ్రని గది లోకప్పున, మధ్యకు చేరు వాసములను రాతిలోనే చెక్కినారు. ఆ వాసములు ఏ బరువును మోయవు, కొండయే కప్పు. అవి కేవలాలంకారములు, కర్రయింటి జ్ఞాపకములు. నడుమనున్న స్తూపము నేడు ధర్మలింగేశ్వరుడుగా పూజలందుకొనుచున్నది. చేజెర్ల ఇటుకలలో వాసములు మాయమై, వంపు మాత్రము మిగిలినది.

‘వితాన’ శబ్దమునకు తెలుగు ‘మేల్కట్టు’. గుడ్డతో కట్టిన చాందినీ పేరే రాతిలోకప్పునకు వచ్చినది. కాకతీయులనాటి 1213 నాటి రామప్పగుడిలో మూలలను కోయుచు చదరములను పైకి తగ్గించి, మధ్య పద్మమును నిలిపినారు. ఇదియు చేజెర్ల సూత్రమే. ఇటుకకు బదులు శిల, వంపునకు బదులు చదరము. కావున గుంటూరు ప్రాంతపు దేవాలయములను పరిశీలించు వారు శాసనములతో పాటు లోకప్పు వరుసలను కూడ లెక్కించి వ్రాసికొనవలెను. సున్నము, సిమెంటు పూత పడిన తరువాత వరుసలు కానరావు.