బిళ్ళగన్నేరు పుట్టింటికి

మా ఊళ్ళో ఎవరైనా ప్రయాణం కడుతున్నామంటే, కాశీకో, తిరుపతికో, కాస్త కలిగినవారైతే అమెరికాలో ఉన్న అబ్బాయి దగ్గరికో అని ఎదుటివాళ్ళే అనేసుకుంటారు. “మేం మడగాస్కర్ వెళదామనుకుంటున్నామండీ” అని నేను స్టాఫ్ రూములో అన్న రోజున ఒక మిత్రుడు, “అదెక్కడ, గోవా దాటాకనా?” అన్నాడు. ఇంకొకాయన, “తెలుగు మాస్టారికి అక్కడేం పని? అష్టావధానమా?” అని అందరినీ నవ్వించాడు.

పని ఉంది. అది చెప్పాలంటే పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పటికి మా అమ్మాయికి ఏడేళ్ళు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. ఒంటిమీద అక్కడక్కడ కమిలిన మచ్చలు. రక్తం పరీక్ష చేసి లుకేమియా అన్నారు. తరువాతి రెండున్నరేళ్ళ సంగతి ఇక్కడ రాయను. రాయడానికి నాకూ చేయి రాదు. ఒక్క ముక్క మాత్రం చెబుతాను. పిల్లకు నరంలోకి ఎక్కించిన మందుల్లో ఒకదాని పేరు విన్‌క్రిస్టీన్. అది దేనితో చేస్తారండీ అని ఒకనాడు డాక్టరుగారిని అడిగాను. ఆయన మాట్లాడకుండా కిటికీలోంచి గోడవారగా పూసి ఉన్న మొక్కను చూపించారు. బిళ్ళగన్నేరు!

నీళ్ళు పోసినా పోయకపోయినా పూసేది, మేక సైతం మూతి తిప్పుకునేది, మా తులసికోట పక్కన ఎవరూ నాటకుండానే మొలిచేది - ఆ మొక్క! చక్కెర వ్యాధికి ఆ ఆకు మంచిదని మన పెద్దలు అనేవారు. (ఇది చదివి ఎవరూ నమలకండి, దాని రసం విషం.) కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు 1950ల్లో ఆ చక్కెర సంగతి తేలుద్దామనే మొదలుపెట్టారట. చక్కెర తగ్గలేదు గాని, ఎలుకల రక్తంలో తెల్లకణాలు తగ్గిపోయాయి. అక్కడ కథ మలుపు తిరిగింది. విన్‌క్రిస్టీన్ 1963లో అమెరికాలో వాడుకకు వచ్చింది. వందల కిలోల ఎండుటాకు మరిగిస్తే గాని గ్రాము మందు చేతికి రాదు.

ఈ మొక్క పుట్టిల్లు మడగాస్కర్. మా అమ్మాయి ఇప్పుడు బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం చదువుతున్నది. ఒక సాయంత్రం తులసికోట దగ్గర కూచుని, “నాన్నా, దీని పుట్టింటికి ఒకసారి వెళ్ళొద్దామా?” అన్నది. మేడ మీద ఇంకో గది వేయించడానికి కూడబెట్టిన డబ్బు బ్యాంకులో ఉన్నది. గది లేకపోతే ఏం, నా పుస్తకాలు ఇన్నాళ్ళూ మంచం కింద బతకలేదా?

ఆ రాత్రి నుంచే అట్లాసు ముందు వేసుకున్నాను. దీవి కదా, చిన్నదే కాబోలు అనుకున్న నా భ్రమ మొదటిరోజే తీరింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి రెండింతలు చేసినా ఇంకా కాస్త మిగులుతుంది. దాదాపు 5,87,000 చదరపు కిలోమీటర్లు. ప్రపంచంలో నాలుగో పెద్ద దీవి. ఇంకో విశేషం వినండి. సుమారు 8 కోట్ల 80 లక్షల ఏళ్ళ కిందట అది మన దేశపు భూఖండాన్ని అంటుకునే ఉండేదట. విడిపోయి మనం ఉత్తరానికి కొట్టుకువచ్చి హిమాలయాలను లేపాము. అది అక్కడే ఒంటరిగా ఉండిపోయింది. ఆ ఒంటరితనం వల్లనే అక్కడి జంతువులు మరెక్కడా కనబడవు. మా కాలేజీ ఆవరణలో ఎండాకాలం నిప్పంటుకున్నట్టు పూసే ఎర్ర తురాయి కూడా అక్కడి అడవి చెట్టేనని తెలిసి, మరునాడు దాని కింద నిలబడి కొత్తచుట్టాన్ని చూసినట్టు చూశాను.

అక్కడ కోతులు లేవు. వాటికి బదులు లెమూర్లు, నూటికి పైగా జాతులు. అన్నిటిలో పెద్దది ఇంద్రి. తెల్లవారగానే ఇంద్రి కుటుంబమంతా గొంతు కలిపి అరిస్తే రెండు కిలోమీటర్ల దాకా వినబడుతుందట. బోనులో పెడితే బతకదు గనుక ఏ జంతుప్రదర్శనశాలలోనూ చూడలేము. రాజధాని అంటనానరివోకు తూర్పున సుమారు నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న అండసిబే అడవికి వెళ్ళవలసిందే. ఆయ్-ఆయ్ అని మరొకటి ఉంది. పుల్లలాంటి నడివేలితో కొమ్మలోని పురుగును గీకి తీసుకు తింటుంది. పాపం, మన గుడ్లగూబలాగే దానికీ అపశకునమని పేరు. కనబడితే చంపేసే ఊళ్ళున్నాయి.

నా కన్ను మాత్రం భాషమీద పడింది. ఆఫ్రికా పక్కనే ఉన్నా మలగాసీ భాష ఆఫ్రికాది కాదు. దాని దగ్గరి చుట్టాలు సముద్రానికి ఆవల బోర్నియోలో ఉన్నాయి. పడవలమీద వచ్చినవారి భాష అది. బియ్యానికి వాళ్ళ మాటేమిటో తెలుసునా? ‘వరి’! కుర్చీలోంచి లేచాను. అయితే ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలపరాదని నేనే పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి గనుక మళ్ళీ కూర్చున్నాను. భోజనం చేయడాన్ని వాళ్ళూ ‘అన్నం తినడం’ అనే అంటారు. గిన్నె అడుగున మాడిన అన్నంలో నీళ్ళు పోసి మరగబెట్టి తాగుతారు. ముట్టరానివి, చేయరానివి అని ఊరూరా ఉండే కట్టుబాట్లను ‘ఫాడీ’ అంటారు. మా ఆవిడ మడికి ప్రాస కుదిరిందన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఆవిడకు ఈ ప్రయాణమే ఇష్టం లేదు. “పన్నెండేళ్ళకు కాస్త కంటినిండా నిద్రపోతున్నాను. మళ్ళీ దోమలున్న అడవికి ఈ పిల్లను తీసుకువెళతారా?” అన్నది. జవాబు చెప్పలేకపోయాను. మలేరియా అక్కడ నిజమే. డాక్టరుగారి దగ్గరికి ముగ్గురం వెళ్ళాము. మలేరియా మాత్రలు ముందునుంచే వేసుకోవచ్చు, భయం లేదన్నారాయన. నైరోబీ, అడ్డిస్ అబాబా మీదుగా వెళితే ఎల్లో ఫీవర్ టీకా గొడవ వస్తుంది. అది సజీవమైన క్రిములతో చేసిన టీకా. ఈ అమ్మాయికి వేయవచ్చునేమో గాని తప్పించుకోగలిగితే ఎందుకూ అన్నారు. అందుచేత ముంబయి నుంచి మారిషస్, అక్కడినుంచి రెండు గంటల విమానం అని నిశ్చయించాము. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు! మా కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుమీదనే అక్కడ తెలుగు కూలీలను కోరింగీలు అనేవారు. నాకు అదొక ఊరట.

జనవరి నుంచి మార్చి దాకా తుపానులు; సెప్టెంబరు, అక్టోబరు మంచి కాలం, లెమూరు తల్లులు పిల్లలను మోసుకు తిరిగే రోజులు. 2025 దసరా సెలవులకు టిక్కెట్లు కొన్నాము. సెప్టెంబరు 27న బయలుదేరాలి. 25న రాజధానిలో కుర్రకారు నీళ్ళు లేవు, కరెంటు లేదని వీధుల్లోకి వచ్చారు, కాల్పులు, కర్ఫ్యూ. అక్టోబరులో అధ్యక్షుడు దేశం విడిచాడు, సైన్యం అధికారం చేపట్టింది. కట్టిన పెట్టెలు విప్పాము. టిక్కెట్ల డబ్బు సగమే తిరిగివచ్చింది. మా ఆవిడ “దేవుడే ఆపాడు” అన్నది. అమ్మాయి మాత్రం వార్తల్లో ఆ పిల్లలను చూసి, “అందరూ నా ఈడువాళ్ళే నాన్నా” అని లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ వచ్చే దసరాకు కడుతున్నాము. పరిస్థితులు చూసుకుని ఆఖరి నెలలోనే టిక్కెట్లు కొంటాము. ఈసారి పట్టికలో బేవోబాబ్ చెట్ల బాట కొట్టేశాను. లావుపాటి ఆ వృక్షాలను చూడాలని నాకెంతో కోరిక గాని, రాజధాని నుంచి మొరొండావాకు దాదాపు 700 కిలోమీటర్ల రోడ్డు. ఉన్నది పదహారు రోజులు. అండసిబే తరువాత దక్షిణాదికి విమానంలో వెళతాము. బిళ్ళగన్నేరు వేళ్ళను ఎగుమతికి సేకరించినది ఆ వైపే. అక్కడ బెరెంటీ అనే చోట నదివెంట అడవి ఉంది. చారల తోక లెమూర్లు చెట్లమీద, తెల్లని సిఫాకాలు నేలమీద పక్కవాటుగా గెంతుతూ.

మొన్న రాత్రి ఈ పట్టిక చదువుతూంటే మా ఆవిడ వంటింట్లోంచి, “ఆ లెమూర్లు ఏం తింటాయి?” అని అడిగింది.

“చింతకాయలు. ఆ అడవినిండా చింతచెట్లే.”

కాసేపు గిన్నెల చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు.

“పాస్‌పోర్టు ఫోటోకు ఏ చీర కట్టుకోవాలి?” అన్నది.