బస్రా వెళ్లిన ముత్తాత జాడ

"మా ముత్తాత జర్మనీ యుద్ధానికి వెళ్లాడట, బస్రాలో ఉన్నాడట" అన్న మాట తెలుగునాట కొన్ని ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాట పట్టుకుని మనవలో మునిమనవలో ఇంటర్నెట్‌లో వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. దొరకకపోయేసరికి అదంతా ముసలివాళ్లు చెప్పుకున్న కథేలే అని వదిలేస్తారు. ఆ తీర్పు తొందరపాటు. పేరు కనబడలేదంటే మనిషి యుద్ధానికి వెళ్లలేదని కాదు. ఆనాటి సర్కారు ఎవరి పేరు రాసిపెట్టుకుంది, ఎవరిని లెక్కలో మాత్రమే వేసుకుంది అన్నది తెలిస్తే ఈ సంగతి అర్థమవుతుంది. అది తెలిశాక, వెతకడం లండన్ నుంచి కాక మన ఇంటి నుంచే మొదలుపెట్టాలని కూడా తెలుస్తుంది.

అందరూ ముందుగా చూసేది కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వారి జాబితా. 1917లో ఏర్పడిన ఈ సంస్థ రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సుమారు 17 లక్షల మంది వివరాలను ఉచితంగా చూడనిస్తోంది. అయితే అది చనిపోయినవారి జాబితా. మన పెద్దలు జర్మనీ యుద్ధమన్న మొదటి ప్రపంచ యుద్ధంలో అవిభక్త భారతదేశం నుంచి 13 లక్షలకు పైగా మనుషులు పనిచేస్తే, ప్రాణాలు పోగొట్టుకున్నవారు దాదాపు 74 వేల మంది. అంటే నూటికి తొంభై మందికి పైగా బతికి వచ్చినవాళ్లే. ముత్తాత తిరిగొచ్చి పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నాడు కాబట్టే ఇవాళ మనం ఆయన్ని వెతుకుతున్నాం. అలాంటివాడి పేరు ఆ జాబితాలో ఎందుకుంటుంది?

పోనీ, చనిపోయినవారికైనా న్యాయం జరిగిందా అంటే అదీ లేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. సామాన్య సిపాయిలను మాత్రం ఫలానా పటాలంలో ఇంతమంది అని అంకెగా చెక్కారు. ఒకే యుద్ధం, ఒకే నేల, ఒకే చావు. తేడా అల్లా హోదాదీ జాతిదీ. ఆ కమిషనే 2021లో విచారణ జరిపించి తప్పు ఒప్పుకుంది. ఆసియా, ఆఫ్రికాలకు చెందిన కనీసం 1,16,000 మందిని పేరుతో స్మరించలేదనీ, కొందరిని అసలు స్మరించనే లేదనీ ఆ నివేదిక తేల్చింది. ఢిల్లీలోని ఇండియా గేటు మీద ఉన్నవి కూడా 13 వేల చిల్లర పేర్లే. ఇన్ని ఖాళీలున్న చోట మన మనిషి కనబడకపోవడాన్ని సాక్ష్యంగా తీసుకోలేం.

తెలుగువారి విషయంలో ఈ ఖాళీ ఇంకా పెద్దది. ఒకప్పుడు కంపెనీ సైన్యంలో మనవాళ్లు ఎంతగా ఉండేవారంటే, ఉత్తరాదిన సిపాయి అనే మాటకు బదులు 'తిలంగా' అనేవారు. 1880ల తర్వాత, ఉత్తరాది జాతులే యుద్ధవీరులన్న సిద్ధాంతాన్ని నమ్మిన సేనాధిపతి లార్డ్ రాబర్ట్స్ వంటివారి చేతుల్లో మద్రాసు పటాలాలు తగ్గుతూ వచ్చాయి. అందుకే మన ముత్తాతలను పదాతి దళాల్లోనే వెతికితే చాలదు. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు సాపర్లు (సైనిక ఇంజనీరింగ్ దళం), రవాణా దళాలు, కూలీ దళాలు కూడా చూడాలి. తుపాకీ పట్టని ఈ కూలీలకూ వంటవాళ్లకూ కాగితం మరీ తక్కువ. పంజాబు సంగతి వేరు. ఊరూరా ఎవరు వెళ్లారో రాసిన పుస్తకాలు లాహోరు మ్యూజియంలో మిగిలాయి. సుమారు 3,20,000 మంది వివరాలున్న ఆ పుస్తకాలను ఇటీవల కంప్యూటర్లోకి ఎక్కించారు. పంజాబీలకు దొరికిన ఆ సౌకర్యాన్ని చూసి మనకూ అలాగే ఒక్క నొక్కుతో దొరుకుతుందని ఆశపడితే నిరాశే మిగులుతుంది.

మరి దారేమిటి? బతికి వచ్చినవాడి జాడ ఎక్కువగా డబ్బు, భూమి, పతకం చుట్టూ ఉంటుంది. పింఛను కాగితం, డిశ్చార్జి పుస్తకం, మాజీ సైనికుడిగా పొందిన భూమి పట్టా, ఇవి ఇంట్లోనో రెవెన్యూ దస్త్రాల్లోనో ఉండొచ్చు. అన్నిటికన్నా విలువైనది పతకం. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం పేరు చిన్న అక్షరాల్లో అచ్చు వేసి ఉంటాయి. యుద్ధ పతకం సిపాయికి వెండిది, కూలీ దళాలవారికి కంచుది. కనుక లోహాన్ని బట్టే ఆయన ఏ పని మీద వెళ్లాడో కొంత ఊహించవచ్చు. పటాలం తెలిస్తే సగం పని అయినట్టే. లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ పటాలాల యుద్ధ దినచర్యలు ఉన్నాయి. వాటిలో సిపాయి పేరు ఉండడం అరుదు. కానీ ఫలానా తేదీన ఆ దళం ఏ నది ఒడ్డున ఉంది, ఏ వంతెన కట్టింది, ఎంతమంది జబ్బుపడ్డారు అన్నది తెలుస్తుంది.

ఊరి పేర్ల దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. పశ్చిమగోదావరి జిల్లా పుట్టింది 1925లో. అంతకుముందు ఆ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది. అందుకే, సైన్యానికి మనుషుల్ని పంపడంలో పేరుపొంది 'మిలిటరీ మాధవరం' అనిపించుకున్న తాడేపల్లిగూడెం దగ్గరి ఊరివాడు 1916 నాటి కాగితంలో కృష్ణా జిల్లావాడుగా కనిపిస్తాడు. విజయవాడ బెజవాడగా, శ్రీకాకుళం చికాకోలుగా ఉంటాయి. ఇంటిపేరు తరచు రాయరు, తండ్రి పేరు రాస్తారు. వెంకటస్వామి అన్న పేరును గుమాస్తా ఇంగ్లిషులో నాలుగైదు రకాలుగా రాసి ఉండొచ్చు.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. ఇన్ని సందేహాల మధ్య ఎవరినో పట్టుకొచ్చి మన తాత అనుకుంటే? ఆ ప్రమాదం నిజమైనదే. అందుకే పేరొక్కటే కలిస్తే ఒప్పుకోకూడదు. తండ్రి పేరు, ఊరు, సైనిక నంబరు, వీటిలో కనీసం రెండు కలిసినప్పుడే మనవాడని నమ్మాలి. ఇంట్లో చెప్పుకునే కథను కూడా అంతే. దాన్ని నిరూపించవలసిన మాటగా తీసుకోవాలి తప్ప నిజమనో అబద్ధమనో ముందే తేల్చేయకూడదు. బస్రా అని విన్నది బర్మా కావచ్చు, మొదటి యుద్ధం అనుకున్నది రెండోది కావచ్చు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. తెల్లవాడి సామ్రాజ్యం కోసం పోరాడినవాణ్ణి ఇప్పుడు తవ్వితీసి గొప్ప చేసుకోవడమెందుకని. గొప్ప చేయమని నేను అనను. 1914లో సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. ఆ పదకొండు రూపాయల కోసం వెళ్లినవాడు, మునసబు ఒత్తిడికి వెళ్లినవాడు, ఊరి కట్టుబాట్ల నుంచి బయటపడాలని వెళ్లినవాడు, ఇష్టపడి వెళ్లినవాడు, అందరూ ఆ ఓడలెక్కారు. వీరుడనో బానిసనో ముద్ర వేసేముందు ఆయన ఎవరో తెలుసుకోవాలి కదా. అంకెగా చెక్కినవాడి పేరు తిరిగి రాయడం సామ్రాజ్యానికి జేజేలు కొట్టడం కాదు, అది దాచిన లెక్క అడగడం.

ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్లుంటే ఈ వారమే వాళ్లను కూర్చోబెట్టుకుని అడగండి. పాత ట్రంకు పెట్టెలో పతకం దొరికితే అమ్మకండి, కరిగించకండి. అంచు మీది నంబరు, పేరు, పటాలం భూతద్దంతో చదివి, ఉన్నవి ఉన్నట్టు ఒక కాగితం మీద రాసిపెట్టండి.