అక్రిలిక్, మిశ్రమ మాధ్యమ నైరూప్య చిత్రాలు: పదార్థాన్ని చదవవలసిన అవసరం

వ్యాససంగ్రహం: నైరూప్య చిత్రంలో భావార్థాన్ని వెదికే విమర్శ, ఆ చిత్రం ఏ పదార్థంతో ఎలా ఏర్పడిందో పట్టించుకోవడం తక్కువ. అక్రిలిక్ రంగుల స్వభావాన్నీ, అవి వస్త్రంతో కలిసే తీరునూ, ‘మిశ్రమ మాధ్యమం’ అనే పేరు కింద చేరే వస్తువులనూ ఎరిగినప్పుడే ఈ చిత్రాల నిర్మాణం బోధపడుతుందనీ, అవి కాలానికి నిలవడం కూడా ఆ ఎరుకపైనే ఆధారపడి ఉందనీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: నైరూప్య చిత్రకళ, అక్రిలిక్, మిశ్రమ మాధ్యమం, బంధకం, కలంకారీ, రజా, కృష్ణారెడ్డి.

1. ఉపోద్ఘాతం

నైరూప్య చిత్రం ఎదుట నిలిచిన ప్రేక్షకుడు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న “ఇందులో ఏముంది?” అన్నది. విమర్శకుడు కూడా తరచుగా ఆ ప్రశ్నకే సమాధానం వెదుకుతాడు. ఎరుపు కనిపిస్తే ఆవేశమనీ, నీలం కనిపిస్తే అనంతమనీ, నలుపు కనిపిస్తే మృత్యువనీ చెప్పి ముందుకు సాగుతాడు. తెలుగులో చిత్రకళా విమర్శ సాహిత్య విమర్శకు పొరుగున పెరిగింది. అందువల్ల చిత్రాన్ని కవితలా చదివే అలవాటు మనకు బలంగా ఏర్పడింది. అయితే కవితను చదివేటప్పుడు పాటించే నియమాన్నే చిత్రం విషయంలో మరచిపోతున్నాం. పద్యాన్ని బోధించే అధ్యాపకుడు గణాలనూ, యతిప్రాసలనూ, పదబంధాన్నీ విడిచిపెట్టి తాత్పర్యం మాత్రమే చెబితే పద్యం సగమే అందుతుంది. నైరూప్య చిత్రంలో ఛందస్సు స్థానంలో ఉన్నది పదార్థం: రంగుపొడి, దానిని పట్టి ఉంచే బంధకం, దానిని స్వీకరించే తలం, అది ఆరే వేగం.

‘నైరూప్యం’ అనే మాట కూడా కొంత తప్పుదారి పట్టిస్తుంది. రూపం లేనిదని అది ధ్వనిస్తుంది. గీత, రంగు, తలం కంటే మూర్తమైనవి చిత్రంలో మరేవీ లేవన్న వాదంతో డచ్ చిత్రకారుడు థియో వాన్ డూస్‌బర్గ్ 1930లో ‘మూర్త కళ’ అనే పేరును ప్రతిపాదించాడు. ఆ పేరు విస్తృతంగా నిలవకపోయినా ఆ అభ్యంతరం సమంజసమైనదే. స్త్రీమూర్తి ఉన్న చిత్రంలో రంగు ఆ మూర్తికి సేవ చేస్తుంది. మూర్తి లేని చిత్రంలో రంగు తానే పాత్ర.

2. అక్రిలిక్ స్వభావం

జర్మన్ రసాయనవేత్త ఓటో రోమ్ 1901లో అక్రిలిక్ సమ్మేళనాలపై తన డాక్టరేట్ పరిశోధనను సమర్పించాడు. చిత్రకారుల చేతికి ఆ పదార్థం రావడానికి మరో నాలుగున్నర దశాబ్దాలు పట్టింది. 1940ల చివరిలో న్యూయార్క్‌లో లియొనార్డ్ బోకూర్, శామ్ గోల్డెన్ ‘మాగ్నా’ అనే అక్రిలిక్ రంగును తయారుచేశారు. అది టర్పెంటైన్‌లో కరిగేది. నీటితో కలిసే అక్రిలిక్ రంగులు 1950ల మధ్యలో ‘లిక్విటెక్స్’ పేరుతో మార్కెట్లోకి వచ్చాయి. నేడు అక్రిలిక్ అంటే అందరూ ఎరిగినది ఈ రెండవ రకమే.

తైలవర్ణం ఆరడమంటే నిజానికి నీరు ఇంకినట్లు ఆరడం కాదు. అవిసెనూనె గాలిలోని ఆమ్లజనితో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. దీనికి రోజులు, మందమైన పూతకైతే నెలలు పడతాయి. అక్రిలిక్ విధానం వేరు. పాలలో వెన్న కణాల వలె నీటిలో అతిసూక్ష్మమైన ప్లాస్టిక్ కణాలు తేలుతుంటాయి. నీరు ఆవిరయ్యాక ఆ కణాలు ఒకదానినొకటి తాకి, అతుక్కుని, ఒకే పొరగా మారతాయి. పలుచని పూత నిమిషాలలో ఆరుతుంది. ఆరిన తరువాత నీటిలో తిరిగి కరగదు.

ఈ ఒక్క లక్షణం చిత్రనిర్మాణాన్ని సమూలంగా మార్చింది. తైలంలో తడి రంగుపై తడి రంగు వేసి, అంచులను కలిపి, ఛాయలను మెల్లగా కరిగించవచ్చు. అక్రిలిక్‌లో ఆ వ్యవధి ఉండదు. దానికి బదులు, ఆరిన పొరపై మరో పారదర్శకమైన పొరను, దానిపై ఇంకొక దానిని, అడుగు రంగు చెదరకుండా ఒకే పూటలో వేయవచ్చు. అందుచేత అక్రిలిక్ చిత్రాలలో తరచుగా కనిపించేవి కరుకైన అంచులూ, ఒకదానిపై ఒకటి పేర్చిన వర్ణతలాలూ. వీటిని చిత్రకారుని ‘మనఃస్థితి’కి మాత్రమే ముడిపెట్టే వ్యాఖ్యానం, రంగు ఆరే వేగం చేసిన పనిని కూడా మనస్సు ఖాతాలోనే వేస్తుంది.

మరొక విషయం చిత్రకారులకు అనుభవంలో తెలిసినదే గాని విమర్శలో అరుదుగా కనిపిస్తుంది. తడిగా ఉన్న అక్రిలిక్ బంధకం పాలలా తెల్లగా ఉండి, ఆరాక స్వచ్ఛమవుతుంది. కనుక వేసినప్పటి రంగు కంటే ఆరిన రంగు కొంచెం ముదురుగా ఉంటుంది. చిత్రకారుడు కంటితో చూస్తున్న రంగును కాక, కాసేపటికి రాబోయే రంగును ఊహించి వేయాలి. ఇక ఈ చిత్రాల వర్ణోజ్జ్వలతకు కారణం అక్రిలిక్ ఒక్కటే కాదు. 1930లలో వచ్చిన థాలోసయనిన్ నీలాలూ ఆకుపచ్చలూ, 1950ల చివర వచ్చిన క్వినాక్రిడోన్ ఎరుపులూ ఊదాలూ పూర్వ చిత్రకారులకు అందుబాటులో లేని వర్ణాలు.

3. వస్త్రం పీల్చే రంగు, వస్త్రంపై నిలిచే రంగు

1952లో హెలెన్ ఫ్రాంకెంథాలర్ ‘మౌంటెన్స్ అండ్ సీ’ అనే చిత్రాన్ని రచించింది. దాదాపు మూడు మీటర్ల వెడల్పున్న కాన్వాస్‌ను నేలపై పరచి, పూర్వపూత వేయకుండా, బాగా పలుచన చేసిన తైలవర్ణాన్ని దానిపై పోసింది. రంగు వస్త్రంపై కూర్చోకుండా పోగుల్లోకి ఇంకింది. మరుసటి సంవత్సరం మోరిస్ లూయిస్, కెన్నెత్ నోలాండ్ ఆమె చిత్రశాలలో ఆ చిత్రాన్ని చూశారు. లూయిస్ ఆ తరువాత మాగ్నా రంగులతో, వాలుగా పట్టిన కాన్వాస్‌పై రంగును జారవిడిచి తెరలవంటి చిత్రాలను సృష్టించాడు. పూర్వపూత లేని వస్త్రానికి నూనె తగిలితే కాలక్రమంలో పోగులు చివికిపోతాయి, రంగు చుట్టూ నూనె మరకలు వలయాలుగా వ్యాపిస్తాయి. అక్రిలిక్‌కు ఈ చిక్కు లేదు. ఫ్రాంకెంథాలర్ కూడా 1960ల ఆరంభంలో అక్రిలిక్‌కు మారింది.

తెలుగు పాఠకునికి ఈ సమస్య కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నూలుబట్టను కరక్కాయ కషాయంలోనూ పాలలోనూ ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు, కలంతో గీసిన గీత పక్కలకు పాకకుండా ఆపుతుంది. ఇనుపముక్కలను బెల్లం నీటిలో ఊరబెట్టి తీసిన ద్రావణం బట్టలోని కరక్కాయ వగరును తాకినప్పుడు నలుపు పుడుతుంది. ఆ నలుపు పైన అద్దినది కాదు, బట్టలోనే జనించినది. చేర్యాల నకాషీ చిత్రకారుల పద్ధతి దీనికి భిన్నం. వారు ఖాదీబట్టకు సుద్దమట్టి, చింతగింజల జిగురు మొదలైనవి పట్టించి, ముందు గట్టి నేలను సిద్ధం చేసుకుంటారు. రంగు ఆ నేలపైనే నిలుస్తుంది. వస్త్రం రంగును పీల్చాలా, మోయాలా అన్న ప్రశ్నను మన పనివారు తరతరాలుగా ఆచరణలో ఎదుర్కొంటూనే ఉన్నారు. వారు పాకుడును దోషంగా భావించి ఆపారు. ఫ్రాంకెంథాలర్ ఆ పాకుడునే చిత్రానికి ప్రాణంగా గ్రహించింది. ఈ పోలిక ప్రభావాన్ని నిరూపించడానికి ఉద్దేశించినది కాదు. నైరూప్య చిత్రాన్ని తరగతి గదిలో బోధించేటప్పుడు విద్యార్థికి అందే ఆధారం ఇక్కడే దొరుకుతుందన్నది గమనించదగిన అంశం.

భారతీయ చిత్రకారులలో ఈ మార్పును స్పష్టంగా చూపేది ఎస్.హెచ్. రజా (1922–2016) కృషి. ఫ్రాన్స్‌లో స్థిరపడిన తొలి దశాబ్దాలలో ఆయన తైలవర్ణాన్ని మందంగా, గరుకుగా పట్టించేవారు. 1962లో అమెరికాలోని బర్క్‌లీలో అధ్యాపకునిగా ఉన్న కాలంలో రోత్కో చిత్రాలతో పరిచయం ఏర్పడింది. 1970ల నాటి ‘తపోవన్’ (1972), ‘లా తేర్’ (1973) అక్రిలిక్‌లో వేసినవి. 1983 నాటి ‘సౌరాష్ట్ర’ రెండు మీటర్ల చదరపు కాన్వాస్‌పై అక్రిలిక్ చిత్రం. గడులుగా విడిన ఎరుపు, పసుపు, కావి వర్ణతలాలు అందులో పక్కపక్కనే, ఒకదానిలో ఒకటి కరిగిపోకుండా మండుతుంటాయి. రజాను గురించిన వ్యాఖ్యానం బిందువు, పంచభూతాలు, తంత్రం అనే పదాల చుట్టూ తిరగడం సహజమే. అయితే ఆ జ్యామితి అంత నిశితంగా నిలవడానికి, ఆరిన అంచును మరుగడియలోనే మరో రంగు తాకగల మాధ్యమం తోడ్పడిందన్న విషయాన్ని కూడా ఆ వ్యాఖ్యానం పక్కన చేర్చుకోవాలి.

4. ‘మిశ్రమ మాధ్యమం’: ఒక పేరు మరుగుపరిచేవి

1912లో పికాసో, కుర్చీ అల్లిక ముద్రించిన నూనెగుడ్డను చిత్రంలో అతికించి, చుట్టూ తాడును చట్రంగా బిగించాడు. అదే సంవత్సరం బ్రాక్ కాగితం ముక్కలను చిత్రంలోకి తెచ్చాడు. నాటి నుంచి చిత్రతలంలోకి రాని వస్తువు లేదు. అక్రిలిక్ వచ్చాక ఈ ధోరణి మరింత సులువైంది, ఎందుకంటే అక్రిలిక్ రంగు మాత్రమే కాదు, మంచి జిగురు కూడా. ఇసుక, వార్తాపత్రిక, గోనెపట్టా, బంగారు రేకు, దారం, బొగ్గుపొడి దేనినైనా అది పట్టి ఉంచగలదు.

ప్రదర్శన పట్టికలో మాత్రం వీటన్నిటికీ దక్కేది రెండు మాటలే: ‘మిశ్రమ మాధ్యమం’. వంటకం పేరు అడిగితే ‘కలిపినది’ అన్నట్లుంటుంది ఈ సమాధానం. పరిశోధకునికి దీనివల్ల కలిగే నష్టం చిన్నది కాదు. వార్తాపత్రిక కాగితంలోని చెక్కగుజ్జు వెలుగుకు పసుపుబారి పెళుసవుతుంది. ఇనుపరజను తేమకు తుప్పుపట్టి చుట్టూ మరకను వ్యాపింపజేస్తుంది. తైలవర్ణంపై వేసిన అక్రిలిక్ పొర సరిగా పట్టుకోక పెచ్చులూడుతుంది. పదేళ్ళ తరువాత ఆ చిత్రంలో కనిపించే గోధుమవర్ణం చిత్రకారుడు ఉద్దేశించినదా, కాగితం ముదిరి ఏర్పడినదా అన్నది తెలియకపోతే దానిపై చేసే వర్ణవిశ్లేషణకు పునాది ఉండదు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. మార్క్ రోత్కో 1962లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం పెద్ద కుడ్యఫలకాలను రచించాడు. 1964లో వాటిని ఒక భోజనశాలలో అమర్చారు. విశాలమైన కిటికీల గుండా పడిన ఎండకు వాటిలోని గాఢమైన ఎరుపు వెలిసి, కొన్నిచోట్ల లేతనీలానికి తిరిగింది. 1979 నాటికి వాటిని తీసి చీకటిగదికి తరలించవలసి వచ్చింది. లిథాల్ రెడ్ అనే, వెలుగుకు తాళలేని రంగుపొడి ఇందుకు కారణమని విశ్లేషణలో తేలింది. వాటిపై తిరిగి రంగు వేస్తే రోత్కో చేతిపనిని కప్పివేసినట్లవుతుంది. కనుక పాత ఛాయాచిత్రాల ఆధారంగా, ఎక్కడ ఎంత రంగు లోపించిందో లెక్కగట్టి, ఆ లోటును పూరించే కాంతిని ప్రొజెక్టర్‌తో చిత్రాలపై ప్రసరింపజేస్తూ 2014లో వాటిని ప్రదర్శించారు. దీపం ఆర్పితే వెలిసిన చిత్రమే మిగులుతుంది.

అక్రిలిక్‌కు తనదైన బలహీనత ఉంది. ఆరిన పొర సాధారణ గది ఉష్ణోగ్రతలో కూడా పూర్తిగా గట్టిపడదు, కొంత మెత్తగానే ఉంటుంది. ధూళి దానిపై వాలి లోపలికి దిగబడుతుంది. తడిబట్టతో తుడిస్తే పొర ఉబ్బవచ్చు, తయారీలో కలిపిన పదార్థాలు కొన్ని నీటితో పాటు పోవచ్చు. లండన్‌లోని టేట్ సంస్థ, అమెరికాలోని గెట్టీ సంస్థ ఈ సమస్యలపై విస్తృతంగా పరిశోధనలు జరిపాయి. వేసవిలో నలభై డిగ్రీలు దాటే తెలంగాణ, ఆంధ్ర పట్టణాలలో ఈ మెత్తదనం మరింత పెరుగుతుంది. రెండు అక్రిలిక్ కాన్వాసులను ముఖాముఖిగా ఆనించి, పంకా లేని గదిలో ఉంచితే అవి ఒకదానికొకటి అంటుకునే ప్రమాదముంది. బుడగల ప్లాస్టిక్‌తో నేరుగా చుట్టినా ఆ బుడగల ముద్ర తలంపై పడుతుంది. కళాశాలల వరండాలలో, అతిథిగృహాల గోడలపై వేలాడే చిత్రాలకు ఈ వాతావరణమే నిత్యనివాసం.

5. కృష్ణారెడ్డి: చిక్కదనం నుంచి రంగు

పదార్థాన్ని చదవడం అర్థాన్ని తగ్గించడమేనన్న సందేహానికి చిత్తూరు ప్రాంతంలో జన్మించిన కృష్ణారెడ్డి (1925–2018) కళాజీవితం చక్కని సమాధానం. ఆయన అక్రిలిక్ చిత్రకారుడు కాదు, ముద్రణ కళాకారుడు. శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ నిర్వహించిన ‘అతెలియే 17’లో పనిచేస్తూ, ఒకే లోహఫలకం నుంచి ఒకే ముద్రలో అనేక వర్ణాలను రప్పించే విధానాన్ని వికసింపజేసినవారిలో ప్రముఖుడు. దాని రహస్యం సిరాలో కలిపే నూనె పాళ్ళలో ఉంది. ఫలకాన్ని మిట్టపల్లాలుగా చెక్కుతారు. నూనె ఎక్కువగా ఉన్న పలుచని సిరాను గట్టి రోలరుతో దొర్లిస్తే మిట్టలకే అంటుతుంది. చిక్కని సిరాను మెత్తని రోలరుతో దొర్లిస్తే అది పల్లాల్లోకి దిగుతుంది, మిట్టలపై ఉన్న పలుచని సిరా దానిని అంటనివ్వదు. ఆయన అలలలో, సుడులలో కనిపించే వర్ణచలనం ఈ నిరాకరణ నుంచే పుట్టింది. సిరాల చిక్కదనాన్ని ఎరగని విమర్శకునికి ‘వర్ల్‌పూల్’ అందమైన రంగుల కలయికగా తోస్తుంది. ఎరిగినవానికి అందులో ఒక రంగు మరొక దానిని తోసివేసిన ప్రతి అంచూ కనిపిస్తుంది.

6. నమోదు చేయవలసినవి

సమకాలీన చిత్రకారునిపై పరిశోధన చేసే విద్యార్థికి, ప్రాచీన కావ్య పరిశోధకునికి లేని సౌలభ్యం ఒకటుంది. కర్త సజీవుడై ఉంటే నేరుగా అడగవచ్చు. ఏ రంగు, ఏ తయారీ, సీసాపై రాసిన రంగుపొడి పేరేమిటి? కాన్వాస్‌కు పూర్వపూత వేశారా? అతికించినది ఏ కాగితం, ఏ జిగురుతో? అది అక్రిలిక్ జిగురా, ఫెవికాల్ వంటి తెల్ల జిగురా? ఏది ముందు, ఏది తరువాత? పైన వార్నిష్ ఉందా? తలాన్ని పక్కనుంచి పడే వెలుగులో ఫొటో తీస్తే పొరల ఎత్తుపల్లాలు కూడా నమోదవుతాయి.

ఉదాహరణకు ‘కాన్వాస్‌పై మిశ్రమ మాధ్యమం’ అన్న పట్టికకు బదులు ఇలా రాయవచ్చు: “పూర్వపూత వేసిన నూలు కాన్వాస్, అడుగున పలుచని అక్రిలిక్ నీలం, దానిపై అక్రిలిక్ జిగురుతో అతికించిన తెలుగు దినపత్రిక ముక్కలు, ఇసుక కలిపిన పసుపు, చివరగా బొగ్గు గీతలు, వార్నిష్ లేదు.” ఇరవై పదాలకు కాస్త మించిన ఈ వాక్యం రాయడానికి చిత్రకారునితో పది నిమిషాల సంభాషణ చాలు. ఆ చిత్రంలో బొగ్గు ఎందుకు చివరన వచ్చింది, దానిని స్థిరపరచకుండా ఎందుకు వదిలారు అన్న ప్రశ్న ఈ వాక్యం ఉన్నప్పుడే పరిశోధకునికి తడుతుంది.