సైనికుని ఇల్లాలు

మన స్త్రీలు పాడుకొను రామాయణపు పాటలలో ఊర్మిళాదేవి నిద్ర యొకటి కలదు. భర్త అన్నవెంట అడవికి పోగా ఆమె పదునాలుగు సంవత్సరములును నిద్రలోనే గడపెనని కథ. మా నాయనమ్మ ఉయ్యెల యూచుచు ఆ పాట పాడగా విని చిన్ననాడు నేను ఊర్మిళయెడల మిక్కిలి జాలిపడుచుండెడిదానను. ఇప్పుడు మా మరదలిని చూచిన పిమ్మట వేరొక తలంపు కలుగుచున్నది. ఊర్మిళకు నిద్రించుటకైనను తీరిక చిక్కినది. బడికి పంపవలసిన బిడ్డలు గాని, నెలనెల కట్టవలసిన వాయిదాలు గాని, సంతకము చేయవలసిన కాగితములు గాని ఆమెకు లేవు. నేటి సైనికుని ఇల్లాలికి అట్టి సౌకర్యము లేదు.

మా తమ్ముడు సైన్యములో హవల్దారు. మా ప్రాంతమున సైన్యములో చేరుట క్రొత్త గాదు. తాడేపల్లిగూడెమునకు సమీపమున గల మాధవరమును జనులు మిలిటరీ మాధవరమనియే పిలుతురు. రెండు ప్రపంచ యుద్ధములందును ఆ యూరివారు పాల్గొనిరి. అట్టి సీమలో పుట్టియు సైనికుని సంసారమెట్టిదో మా యింట వారెవ్వరమును మొదట నెరుగము. యూనిఫారము చూచి మురిసితిమి. నెలజీతము విని సంతోషించితిమి. తక్కినదంతయు అనుభవమే నేర్పినది. ఆ యనుభవమును తోడి సోదరీమణులకు చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2020వ సంవత్సరము జూన్ 15వ తేదీ రాత్రి లడఖులోని గాల్వాన్ లోయలో ఘర్షణ జరిగెను. మన సైనికులు 20 మంది ప్రాణములు విడిచిరి. సూర్యాపేట వాస్తవ్యులైన కర్నల్ సంతోష్ బాబు గారు వారిలో నొకరు. మరుసటి సంవత్సరము వారికి మరణానంతరము మహావీర చక్రము ప్రకటింపబడెను. ఆ దినములలో మా తమ్ముడును సరిహద్దుననే యుండెను. నాలుగు దినములు ఫోను కలియలేదు. మా మరదలు అప్పటికి రెండవ కాన్పుకై మా యింటికి వచ్చియున్నది. మూడవనాటి రాత్రి అందరును పరుండిన పిమ్మట నా యొద్దకు వచ్చి మెల్లగా ఇట్లడిగెను: "వదినగారూ, ఆయనకేదైన నైనచో నేనెవరినో ఆ కార్యాలయమువారికి తెలియునా?"

అశుభము పలుకకుమని మొదట కసరితిని. కాని ఆ ప్రశ్న న్యాయమైనదే. ఐదవనాడు ఫోను వచ్చెను, తమ్ముడు క్షేమము. పిమ్మట విచారింపగా తేలినదేమనగా, పెండ్లియై నాలుగేండ్లు గడచినను సైన్యపు రికార్డులలో మా మరదలి పేరు చేరలేదు. ఈ సెలవులో వ్రాయింతును, వచ్చు సెలవులో వ్రాయింతును అని తమ్ముడు జాగుచేసెను. చేరిననాడు వారసురాలిగా వ్రాసిన మా యమ్మ పేరే అన్నిటను నిలిచియున్నది.

జవాను వివాహమాడినను, బిడ్డ పుట్టినను, ఆ సంగతిని తన పటాలమునకు తెలుపవలెను. దానిని వారు పార్ట్ టూ ఆర్డరుగా ప్రకటించి రికార్డు కార్యాలయమునకు పంపుదురు. ఇల్లాలికిని బిడ్డలకును కలుగు హక్కులన్నిటికి ఆ కాగితమే పునాది. మన ఇండ్లలో ఇంకొక చిక్కు కలదు. మా మరదలి బడి ధ్రువపత్రమున పుట్టినింటి పేరు. ఆధారు కార్డులో అత్తింటి పేరు. బ్యాంకు పుస్తకములో ఇంటిపేరే లేదు. మూడు పేర్లును ఒక మనిషివే యని నిరూపించుటకు ఏడు మాసములు పట్టినది. కూతునకు పెండ్లి చేయు తల్లులు పసుపు కుంకుమలతోపాటు ఈ పేర్ల సంగతియు సరిచూచి పంపుట మంచిది.

అంతకంటె కష్టమైనది మా యమ్మ మనసు. వారసుల పేర్లు మార్చవలెనని తమ్ముడు చెప్పినప్పుడు ఆమె కన్నుల నీరు పెట్టుకొని, "కన్నదానను నేను బ్రదికియుండగానే నా పేరు కొట్టివేయుదువా?" అనెను. మరదలు తలవంచుకొని వంటింటిలోనికి పోయెను. ఇరువురిలో నెవరిని తప్పుపట్టగలము? అప్పుడు మా వారు కాగితములు ముందుంచుకొని అమ్మకు నెమ్మదిగా వివరించిరి. కుటుంబ పింఛను నిబంధనలనుబట్టి మొదట భార్యకే చెందును. భీమా ధనమును మాత్రము తల్లికిని భార్యకును భాగములుగా వ్రాయుటకు వీలున్నది. అమ్మ వారము దినములు ఏమియు పలుకలేదు. ఎనిమిదవనాడు తానే తమ్ముని పిలిచి, "పెద్ద భాగము దానికే వ్రాయుము నాయనా. పిల్లలు దానియొద్దనే గదా పెరుగుదురు" అనెను. ఆ మాటతో అత్తకోడండ్ర నడుమ నున్న గోడ సగము కూలినది.

పింఛను సంగతియు ఇల్లాలు తెలిసికొనియుండవలెను. ఉద్యోగములో నుండగా సాధారణ కారణమున మరణించినచో కుటుంబమునకు మొదటి 10 సంవత్సరములు కడపటి జీతములో సగమును, పిమ్మట నూటికి 30 వంతులును వచ్చును. సైనికోద్యోగమే కారణమైనచో నూటికి 60 వంతులు. యుద్ధమున మరణించినవాని భార్యకు కడపటి జీతమంతయు పింఛనుగా ఇత్తురు. ఇవి తెలియకపోవుటచే దళారుల పాలైనవారు కలరు. దళారిని ఆశ్రయింప నక్కరలేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు పోయి అడుగవచ్చును.

ఇక ఆదాయవ్యయములు. సైనికుని జీతము ఒక్కతీరున నుండదు. సియాచిన్ మంచుమీద కాపుండు జవానునకు 2017 నుండి నెలకు 30,000 రూపాయల ప్రత్యేక భత్యము ఏర్పడినది. ఎత్తైన కొండలమీద పనిచేయువారికిని వేరు వేరు భత్యములు కలవు. క్రిందికి దిగివచ్చిననాడు అవి యాగిపోవును. ఆ సొమ్మును శాశ్వతమని నమ్మి స్థలమునకు వాయిదాలు కట్ట మొదలుపెట్టిన కుటుంబము నొకదానిని నేనెరుగుదును. బదిలీ యైన మూడవ నెలలో వారి నగలు తాకట్టునకు పోయెను. మా మరదలు పుస్తకమున రెండు పద్దులు వేరుగా వ్రాయును. మూలవేతనముతో ఇల్లు నడపును. కొండ భత్యమును ముట్టక బ్యాంకులో నుంచును. ఇది అందరును అనుసరింపదగిన పద్ధతి.

వేరొక విశేషము. తక్కిన ఉద్యోగులు అరువదేండ్ల ప్రాయమున విరమింతురు. జవాను పెక్కుసార్లు నలువదేండ్లకు అటునిటుగా ఇంటికి వచ్చును. పిల్లలు పెద్ద చదువులకు వచ్చు కాలముననే ఇంటి రాబడి సగమగును. కావున పెండ్లియైన నాటినుండియే ఆ దినమును లెక్కలో నుంచుకొనవలెను. సెలవుపై వచ్చిన జవానును బంధువులు చేబదు లడుగుదురు, క్యాంటీను సరుకు లడుగుదురు. లేదనుటకు అతనికి మొగమాటము. ఆ "లేదు" అను మాట ఇల్లాలే మృదువుగా పలుకవలసియుండును.

మా వారి శిష్యులు కొందరు అగ్నివీరులుగా చేరుటకు ఉవ్విళ్లూరుచున్నారు. వారి తల్లులు నన్ను అడుగుచుందురు. 2022లో ఏర్పడిన ఈ పథకమున నియామకము నాలుగేండ్లకే. మొదటి యేట నెలకు 30,000 రూపాయలు. అందులో 9,000 సేవానిధికి పోగా చేతికి వచ్చునది 21,000. నాలుగవ యేట జీతము 40,000. సేవానిధికి ప్రభుత్వమును అంతే కలుపును. గడువు తీరిననాడు రెండును చేరి 10 లక్షల 4 వేల రూపాయలు, దానిపై వడ్డీ. పింఛను లేదు. ఉద్యోగకాలమున 48 లక్షల భీమా కలదు. నూటికి 25 మంది వరకే సైన్యమున నిలుపబడుదురని ఆనాడు ప్రకటించిరి. పోవలదని నేను చెప్పను. పదునెనిమిదేండ్ల కుమారుడు ఇరువదిరెండేండ్లకు తిరిగివచ్చిన పిమ్మట చేయవలసినదేమో ముందే ఆలోచింపుడని మాత్రము చెప్పుదును. ఆ సొమ్ము చెల్లెలి కట్నమునకో, ఇంటి పైకప్పునకో పోయినచో అతని చేతిలో మిగులునది శూన్యము.

బిడ్డల పెంపకము ఇంతకంటె సున్నితమైనది. జవానునకు ఏడాదికి 60 దినముల వార్షిక సెలవును, 30 దినముల క్యాజువల్ సెలవును కలవు. తక్కిన కాలమంతయు తండ్రి ఫోనులోనే కానవచ్చును. మా పెద్ద మేనల్లుడు నాలుగేండ్లవాడు. ప్రతి రాత్రియు ఫోనును ముద్దుపెట్టుకొని పరుండెడివాడు. ఒకనాటి తెల్లవారుజామున తండ్రి వచ్చి వాకిట నిలువగా తలుపు చాటున దాగి, "అత్తయ్యా, నాన్న ఫోనులో ఉన్నారు గదా, ఈయన ఎవరు?" అని నన్నడిగెను. కొండలలో మంచుకు చలింపని మా తమ్ముడు గడపమీద కూలబడెను.

అప్పటినుండి మా మరదలు ఒక నియమము పెట్టుకొనినది. "నాన్నగారు రానిమ్ము, నీ పని చెప్పుదురు" అని బిడ్డలను బెదరింపదు. దూరమున నున్న తండ్రిని దండించువానిగా చూపినచో అతడు వచ్చునాడు పండుగ గాక భయమగును. సెలవు కొలదిదినములే గదా యని తండ్రి అడిగినదెల్ల కొనియిచ్చుటయు తగదు. అతడు పోయిన మరునాడు తల్లి మాట చెల్లదు. తండ్రి సెలవులో బిడ్డలను బడికి దిగవిడుచుట, తోటకు నీరు పెట్టుట, అన్నము కలిపిపెట్టుట వంటి పనులు చేయవలెను. బొమ్మలకంటె అవియే జ్ఞాపకమున నిలుచును.

కుటుంబము కంటోన్మెంటులో నున్న కాలమున బిడ్డలు కేంద్రీయ విద్యాలయములో చదివిరి. బదిలీలపై తిరుగు ఉద్యోగుల బిడ్డలకై 1963లో మొదలైన ఆ విద్యాలయములు గొప్ప యుపకారము చేయుచున్నవి. ఏ రాష్ట్రమునకు పోయినను పాఠము తప్పదు. ఐనను తెలుగు తప్పినది. పెద్దవాడు నాయనమ్మతో హిందీలో మాటలాడగా ఆమె నవ్వి, తరువాత కొంగుతో కన్నులు తుడుచుకొనెను. ఆదివారమునకొక ఉత్తరము, ఒక్క వాక్యమైనను తెలుగున వ్రాసి నాయనమ్మకు పంపవలెనని మేమేర్పరచితిమి. ఇప్పుడు వాడు గుణింతములు తప్పక వ్రాయుచున్నాడు. అమ్మ ఆ కార్డులన్నియు దేవుని గూటిలో దాచుకొనినది.

ఇంకొక మాట. భర్త పటాలము ఎచటికి కదలినది, ఎన్నడు కదలినది, ఇరుగుపొరుగువారితో చెప్పరాదు. ఫోనులో నలుగురికి పంపరాదు. ఇంటి గుట్టు కాపాడుట మనకు తెలిసిన విద్యయే. అదియే ఇచట దేశరక్షణయు నగుచున్నది.

2025 మే మాసమున సరిహద్దున మరల పోరు జరిగెను. మా తమ్ముని ఫోను మూడు దినములు మ్రోగలేదు. రెండవనాటి రాత్రి మా మరదలు రేకుపెట్టె తెరచి, కాగితములన్నియు ఒక్కసారి చూచుకొని, మరల తాళము వేసెను. నన్నేమియు అడుగలేదు. తెల్లవారుజాముననే లేచి పిల్లలకు చద్దన్నము కలిపెను. భయము లేదని కాదు; చేతులు వణకుట నేను చూచితిని. కాని ఐదేండ్ల క్రిందట నన్నడిగిన ప్రశ్నకు సమాధానము ఆ పెట్టెలో నున్నది. నాలుగవనాటి ఉదయమున ఫోను మ్రోగినప్పుడు మొదట దానిని అందుకొన్నది మా మేనల్లుడు. వాడు తండ్రిని తెలుగుననే పలుకరించెను.