కండక్టర్ గుండె, డ్రైవర్ గుండె

పొద్దున తొమ్మిదిన్నరకు హైదరాబాద్ నగరంలోని అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఎల్‌బీ నగర్ వైపు నుంచి వచ్చిన రైలు ఆగగానే జనం ఒక్కసారిగా బయటపడతారు. రాయదుర్గం రైలు అందుకోవాలంటే ఇంకో అంతస్తుకు మారాలి. క్షణాల్లో ఎస్కలేటర్ ముందు క్యూ కడతారు. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో ఫోను, ముఖంలో ఆలస్యమైపోతోందన్న ఆదుర్దా. పక్కనే మెట్లున్నాయి. వాటి మీద పదిమంది కనిపిస్తే గొప్ప. క్యూలో ఉన్నవాళ్లలో చాలామంది రాత్రి ఇంటికి చేరాక ‘వాకింగ్‌కి టైమేదీ’ అని వాపోయేవాళ్లే.

వాళ్లను తప్పుపట్టడం తేలిక. ఊరు పెరిగిన తీరు చూస్తే మాత్రం జాలేస్తుంది. 1998 నవంబరులో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఉద్యోగాలన్నీ పడమర దిక్కు పట్టాయి. ఇళ్లేమో ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురాల్లోనే ఉండిపోయాయి. అప్పులు తీరని ఫ్లాటు, పిల్లల బడి, దగ్గర్లోనే ఉండే అమ్మానాన్న... వీటన్నిటినీ ఎత్తుకెళ్లి కొండాపూర్‌లో పెట్టడం అందరికీ అయ్యే పని కాదు. 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది, 2017 నవంబరులో మెట్రో వచ్చింది. మొదటి దశ మొత్తం 69 కిలోమీటర్లు. అయినా ఎల్‌బీ నగర్ అవతలి ఇంటి గడప నుంచి రాయదుర్గం ఇవతలి ఆఫీసు కుర్చీ దాకా లెక్కేస్తే గంట దాటుతుంది. అది పోను మాత్రమే, రానూ అంతే.

చెజారే మార్కెట్టి అనే ఇటలీ భౌతిక శాస్త్రవేత్త 1994లో ఒక చిత్రమైన మాట అన్నాడు. కాలినడక రోజుల నుంచి కార్ల కాలం దాకా మనిషి ప్రయాణానికి ఇచ్చే సమయం రోజు మొత్తంలో సుమారు గంటేనట. బండి వేగం పెరిగితే ఆ గంట తగ్గదు, ఊరే అంత దూరం సాగుతుంది. యాకోవ్ జహావీ అనే రవాణా నిపుణుడు అంతకుముందే చేసిన పరిశీలన దీనికి ఆధారం. హైదరాబాద్ తూర్పు శివార్ల ఉద్యోగి ఈ లెక్కను ఎప్పుడో దాటేశాడు. అతని దగ్గర ఇక మిగిలిన ప్రశ్న ఒకటే: ఆ రెండు గంటల్లో ఒంటికి ఏమైనా దక్కుతుందా?

దక్కుతుందనడానికి ఆధారం లండన్‌లో దొరికింది, అదీ బస్సుల్లోనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో గుండెపోటు మరణాలు పెరుగుతూ పోయాయి. కారణం ఎవరికీ అంతుబట్టలేదు. జెరీ మోరిస్ అనే వైద్యుడు బస్సు ఉద్యోగుల రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. డబుల్ డెక్కర్‌లో ఇద్దరుంటారు, డ్రైవరూ కండక్టరూ. జీతాల్లో, బతుకుల్లో పెద్ద తేడా లేదు. అదే బస్సు, అవే రోడ్లు, అదే పొగ. కాకపోతే డ్రైవర్ షిఫ్టు మొత్తం సీటుకు అంటుకుపోయి ఉంటాడు. కండక్టర్ టికెట్లు కొడుతూ కిందికీ మీదికీ తిరుగుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. 1953లో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. వచ్చినా పెద్ద వయసులో వస్తోంది, ప్రాణం తీసేదీ తక్కువే. ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్‌కీ, అదే శాఖలో కూర్చుని పనిచేసే గుమాస్తాకీ మధ్య కూడా ఇలాంటి తేడాయే కనిపించింది.

అంతటితో ఊరుకుంటే అది సగం కథ. బొద్దుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమో, తేడా ఉద్యోగానికి ముందే ఉందేమో అన్న అనుమానం మోరిస్‌కే వచ్చింది. తేల్చుకోవడానికి ఏం చేశాడంటే, యూనిఫాం కొలతలు తీయించాడు. ప్యాంట్ల నడుము సైజులు చూస్తే డ్రైవర్లవి ఏ వయసులో చూసినా కండక్టర్ల కంటే పెద్దవి. అంటే పుణ్యమంతా మెట్లదే అని తేల్చేయడానికి వీల్లేదు, మనిషి తీరుకూ కొంత వాటా ఉంది. తన సిద్ధాంతానికే అడ్డు వచ్చే ఆ లెక్కను ఆయన దాచిపెట్టకుండా 1956లో అచ్చు వేయించాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇతర వృత్తుల్లో, దేశాల్లో జరిగిన పరిశోధనలు మాత్రం మోరిస్ మొదటి మాటనే బలపరిచాయి. ఆయన 99 ఏళ్లు బతికి 2009లో కన్నుమూశాడు.

సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు తిరిగిన 7జడ్ డబుల్ డెక్కర్‌లో పై అంతస్తు ముందు సీటు కోసం పిల్లలు కొట్టుకున్న రోజులు పాత నగరవాసులకు గుర్తుండే ఉంటాయి. అలాంటి బస్సులు కరెంటుతో నడిచే రూపంలో 2023లో మళ్లీ వచ్చాయి గానీ, వాటితో ఎవరి గుండె ఆరోగ్యమూ మారదు. కొత్త కాలపు మెట్లు మెట్రో స్టేషన్‌లో ఉన్నాయి, ఎంఎంటీఎస్ ఓవర్‌బ్రిడ్జి మీద ఉన్నాయి.

మెట్లెక్కితే ఏమొస్తుందని పెదవి విరిచేవాళ్లకు ఈమధ్యే ఇంకో జవాబు దొరికింది. బ్రిటన్‌లో ప్రత్యేకంగా వ్యాయామమంటూ చేయని 25 వేల మందికి పైగా పెద్దవాళ్ల మణికట్టుకు కదలికలు లెక్కపెట్టే పరికరం కట్టి చూశారు. బస్సు కోసం పరుగు, బరువైన సంచితో మెట్లెక్కడం, ఎత్తు దారిలో గబగబా నడవడం, ఇలా నిమిషం రెండు నిమిషాలు ఊపిరి ఎగసేలా చేసే కదలికలు రోజుకు మూడుసార్లయినా ఉన్నవాళ్లలో, అవి అసలే లేనివాళ్లతో పోలిస్తే మరణాలు చెప్పుకోదగ్గంత తక్కువ. 2022లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చిందిది. ఇది జనాన్ని గమనించి చెప్పిన సంగతే. మెట్లే కాపాడాయని దీనితో రుజువైపోదు. కానీ దమ్మిడీ ఖర్చు లేని ప్రయత్నానికి ఈపాటి ఆధారం చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గుండె సమస్యలున్నవాళ్లు డాక్టరును అడిగాకే.

బైకు మీద వెళ్లేవాళ్లకు ఈ లాభమూ లేదు. గేటు దగ్గర ఎక్కి గేటు దగ్గర దిగుతారు. మధ్యలో గుంతల పాలైన నడుం, క్లచ్ నొక్కీ నొక్కీ తిమ్మిరెక్కిన చెయ్యి, ముందున్న లారీ వదిలే పొగ. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్‌ను ట్యాంకు మీద పెట్టుకుని, చెకింగ్ కనపడగానే తలకు తగిలించుకునే పెద్దమనుషులు ఈ అంకె ఒకసారి చదవాలి.

ఇక ఆఫీసు. వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి 2023 అక్టోబరులో అన్నప్పుడు దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధినేత ఆ అంకెను 90కి తీసుకెళ్లారు. ఆ వాదనలో ఎక్కువగా వినపడని సంగతి ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం వెలువరించాయి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి 35-40 గంటలు చేసేవారికంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని అందులో తేలింది. ఇందులో దారిలో గడిచే గంటల ఊసే లేదు. కుర్చీ సంగతికొస్తే, పది లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసిన 2016 నాటి పరిశోధన ఒకటుంది. రోజుకు ఎనిమిది గంటలు కూర్చునే మనిషికి దాని కీడు దాదాపు పోవాలంటే 60 నుంచి 75 నిమిషాల చురుకైన కదలిక కావాలట. జిమ్‌కు డబ్బు కట్టి వారంలో మానేసేవారికి అది కొండంత లెక్క. మెట్రో దాకా నడక, మెట్లు, ఫోను మాట్లాడేటప్పుడు లేచి తిరగడం, ఇంటి దగ్గర చిన్నాచితకా పనులు కూడితే అందుబాటులోకి వచ్చే లెక్క.

ఇంటి పనులంటే గుర్తొచ్చేది ఆదివారం. హైటెక్ సిటీలో 2018 ఆగస్టు 9న ఫర్నిచర్ అమ్మే ఐకియా తన మొదటి భారతీయ దుకాణం తెరిచినప్పుడు జనం పోటెత్తి ఆ దారుల్లో ట్రాఫిక్ ఆగిపోయింది. సొంత చేత్తో బిగించుకున్న బల్లకు మనిషి ఎక్కువ విలువ కడతాడని అమెరికా పరిశోధకులు ఆ కంపెనీ పేరుతోనే ఒక సూత్రం కూడా చెప్పారు. మన దగ్గర ఆ బల్లను బిగించేదీ తరచుగా పిలిపించిన మనిషే. సొంతింటివాళ్లు చేతులారా చేసే పని ఇంకొకటుంది: ఎండాకాలం ముందు డాబాకు తెల్లసున్నం కొట్టడం.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానం తేవడానికి చాలా ముందే ఈ అలవాటు ఉంది. తెల్లటి పైకప్పు ఎండను చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది, స్లాబు తక్కువ వేడెక్కుతుంది, రాత్రి గదిలోకి సెగ దిగదు. పని పద్ధతి సులువే. ముందుగా డాబా ఊడ్చి, నాచు గీకి, బీటలు పూడ్చి, నీళ్లు పోయే గొట్టం మూతి శుభ్రం చేసుకోవాలి. రాళ్ల సున్నమైతే డ్రమ్ములో నీళ్లు పోయగానే కుతకుతలాడుతూ ఉడుకుతుంది. ఆ ఆవిరి, ఆ చిందులు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా దాని దగ్గరికి పోకూడదు. రాత్రంతా చల్లారనిచ్చి, వడగట్టి, ఫెవికాల్ లాంటి జిగురు కలిపి, డాబా కాస్త తడి చేసి, పెద్ద కుంచెతో పలుచగా ఒక పూత. అది ఆరాక అడ్డంగా ఇంకోటి. మిట్టమధ్యాహ్నం తెల్ల డాబా మీద నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతాయి గనక పని పొద్దున్నో సాయంత్రమో పెట్టుకోవడం మేలు. తొలకరికి ముందే గొట్టం మూసి ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి చూస్తే, కింద గదిలో చెమ్మ ఎక్కడ దిగుతుందో అప్పుడే తెలిసిపోతుంది.

ఆరు రోజులు కుర్చీలో ఉన్న నడుం ఏడో రోజు బకెట్లు మోస్తే ఊరుకుంటుందా? గుండె వరకైతే ఊరుకుంటుందనే చెప్పాలి. వారాంతంలో ఒకట్రెండు రోజుల్లోనే శ్రమంతా చేసేవాళ్లకు కూడా, రోజూ కాస్త కాస్త చేసేవాళ్లకు దగ్గరగానే గుండెకు మేలు జరిగినట్టు దాదాపు 90 వేల మంది మీద జరిగి 2023లో వెలువడిన పరిశీలన చెబుతోంది. నడుం, భుజాలది వేరే దారి. తల పైకెత్తి గంటల తరబడి సీలింగుకు రంగు వేస్తే మర్నాడు మెడ తిరగదు. గోడకు డ్రిల్లు వేసినప్పుడు లేచే సన్నని సిమెంటు దుమ్ము ఊపిరితిత్తులకు పడదు, మాస్కు కట్టుకోవాలి. నిచ్చెన కాలి కింద మడిచిన అట్టముక్క పెట్టి పని కానిచ్చే ధైర్యం మాత్రం ఎవరికీ పనికిరాదు.

ఇంత చెప్పాక ఒక సంగతి దాటేస్తే అన్యాయం. ఏడాదికోసారి సున్నం కొట్టిన భర్త ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో కనిపిస్తుంది, రోజూ అదే ఇల్లు ఊడ్చి తుడిచిన భార్య పని ఎక్కడా కనిపించదు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు ఇస్తున్నారు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు బస్సు దిగాక మొదలయ్యేది రెండో షిఫ్టు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చి టికెట్ డబ్బులు మిగిలాయి. సమయం మిగల్చడం ఇంట్లోవాళ్ల చేతిలో ఉంది. ‘రోజంతా పనిచేస్తున్నావుగా, నీకు వాకింగ్ ఎందుకు’ అని భార్యతో అనే మాట మరీ దారుణం. వంటింట్లో గంటల తరబడి నిలబడటం కాళ్లవాపు తెస్తుందేమో గానీ ఊపిరి ఎగసేంత కదలిక ఇవ్వదు.

ఈ పరుగులో ఒంట్లో జరిగే మార్పు చాలామందికి పైకి తెలియదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. బీపీ మిషను ఇప్పుడు చాలా ఇళ్లలోనే ఉంది, చూసుకునే తీరే తప్పు. ట్రాఫిక్ దాటి, మెట్లెక్కి, చెప్పులు విప్పుతూనే పట్టీ కట్టుకుంటే అంకె పెరిగే కనిపిస్తుంది. టీ, సిగరెట్, శ్రమ ముగిశాక కనీసం అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆనించి అయిదు నిమిషాలు ఊరకే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ చొక్కా మీద కాకుండా చర్మానికి తగిలేలా కట్టాలి, చేతి లావుకు సరిపోయేదై ఉండాలి. కొలుస్తుండగా మాట్లాడకూడదు. నిమిషం ఆగి మళ్లీ కొలవాలి. ఇలా వారం రోజులు పొద్దునా సాయంత్రమూ తీసిన అంకెల సగటు ఇంట్లో 135/85 దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే, ఆ అంకెలన్నీ రాసిన కాగితం జేబులో పెట్టుకుని.